దేవుణ్ణి వదిలితే మనసు తెరుచుకున్నట్టేనా?



మొన్న ఒక ఆదివారం వందన అయిపోయినంక ఒక తమ్ముడు లేచి అడిగిండు: "అన్నా, దేవుణ్ణి నమ్మేటోళ్ళ బుర్రకు తాళం వేసి ఉంటది. మనం నమ్మం కాబట్టి మన బుర్రకు తాళం లేదు. అంతే కదా?" హాల్లో చాలామంది నవ్విండ్రు. నేను కూడా నవ్వి తలూపిన. వెనక కూర్చున్న ఇద్దరు అక్కలు మాత్రం నవ్వలేదు. వాళ్ళ ఇండ్లల్ల ఇంకా పోచమ్మకు బోనం చేస్తరని మా అందరికీ తెలుసు. మరుసటి ఆదివారం ఆ ఇద్దరూ రాలేదు.

ఆ తలూపుడు తప్పని నాకు ఆలస్యంగా తెలిసింది. ఈ పాఠం ఆ తమ్ముడి కోసం, ఆ అక్కల కోసం, ముందుగా నా కోసం.

ప్రశ్న సూటిగానే పెట్టుకుందాం. నమ్మకం ఉంటే మనసు మూసుకుపోతుందా? నమ్మకం లేకపోతే తెరుచుకుంటుందా? "మనసు తెరిచి ఉండటం" అంటే ఇక్కడ మూడు సంగతులు. నాకు తెలిసింది తప్పు కావచ్చు అనే మాటకు చోటు ఉంచటం. ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినటం. సాక్ష్యం కనబడితే మన అభిప్రాయం మార్చుకోవటం.

గోదావరి ఒడ్డున బావరి

జవాబు కోసం ఎక్కడికో పోనక్కరలేదు, మన గోదావరి ఒడ్డుకు పోతే చాలు. సుత్తనిపాతంలో చివరి వగ్గం పేరు పారాయణ వగ్గం. అందులో బావరి అనే ముసలి బ్రాహ్మణుడి కథ ఉంది. ఆయన కోసల దేశం నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక రాజ్యం దగ్గర గోదావరి తీరంలో ఆశ్రమం కట్టుకున్నాడు. అస్సక అంటే అశ్మకం, ఆనాటి 16 మహాజనపదాల్లో ఒకటి. దాని రాజధానిని మన నిజామాబాద్ జిల్లా బోధన్‌గా చరిత్రకారులు గుర్తిస్తారు. బావరి ఉన్న చోటు నిర్మల్ జిల్లా బాదనకుర్తి దగ్గరి లంక అని కొందరు అంటారు. మన పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో స్తూపం బయటపడింది. ఈ నేలకు బుద్ధుడు కొత్తవాడు కాడు.

బావరి పెద్ద యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేశాడు. ఆ తర్వాత ఇంకొక బ్రాహ్మణుడు వచ్చి 500 నాణేలు అడిగాడు. లేవన్నందుకు, ఏడు రోజుల్లో నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. బావరి భయపడ్డాడు, అన్నం మానేశాడు. శాపనార్థాలకు వణికే మనుషులను మన బస్తీల్లోనూ చూస్తూనే ఉంటాం. బావరి అసలు సిసలైన నమ్మకస్థుడు.

అయితే ఆయన తర్వాత చేసిన పని చూడండి. "తల పగలటం అంటే ఏమిటో నాకు తెలియదు" అని ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 120 ఏళ్ళని సుత్తం చెప్తుంది. ఆ వయసులో ఆ మాట అనటం చిన్న విషయం కాదు. తెలిసినవాడు ఉత్తరాన ఉన్నాడని విని 16 మంది శిష్యులను పంపాడు. వాళ్ళు పైఠాన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా నడిచి నడిచి మగధలో బుద్ధుణ్ణి కలిశారు. పోగానే కాళ్ళ మీద పడమని బావరి చెప్పలేదు, ముందు పరీక్షించమన్నాడు.

బుద్ధుడి జవాబు తెలుసా? తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది విద్య. ఆ విద్యకు తోడుగా శ్రద్ధ, స్మృతి, సమాధి, పూనిక, వీర్యం ఉండాలి అన్నాడు. శాపానికి భయపడిన మనిషిని బుద్ధుడు ఎగతాళి చేయలేదు. ఆ భయంలో దాగిన ప్రశ్నను పట్టుకుని దానికే కొత్త అర్థం ఇచ్చాడు.

ఇక్కడ ఇంకొకటి గమనించాలి. అవిద్యను పగలగొట్టే పనిముట్లలో శ్రద్ధ కూడా ఉంది. అది గుడ్డి నమ్మకం కాదు. "పోయి చూద్దాం, అడిగి తెలుసుకుందాం" అని మనిషిని ఇంట్లోంచి కదిలించే భరోసా. ఆ భరోసా లేకపోతే ఆ 16 మంది గోదావరి దాటేవాళ్ళే కాదు.

నందుడు, ధోతకుడు అడిగింది

ఆ 16 మందిలో నందుడు అనేవాడు అడిగాడు: లోకంలో మునులు ఉన్నారంటారు, వాళ్ళను మునులు అనేది వాళ్ళ జ్ఞానం చూసా, బతుకు చూసా? బుద్ధుడు చెప్పిన దాని సారం ఇది: దృష్టి వల్ల కాదు, విన్న చదువు వల్ల కాదు, తెలివి వల్ల కాదు. ఆశ, కోపం అనే సైన్యాన్ని రద్దు చేసుకుని బతికేవాడే ముని. అంటే, "నువ్వు ఏం నమ్ముతావు, ఏం నమ్మవు" అనే పట్టికతో మనిషిని కొలవలేం.

ధోతకుడు అయితే నన్ను సందేహాల నుంచి విడిపించు స్వామీ అని ప్రాధేయపడ్డాడు. నేను ఎవరినీ విడిపించలేను, ధమ్మాన్ని నువ్వే తెలుసుకుంటే నువ్వే దాటుతావు అనేది బుద్ధుడి జవాబు. గురువు మాట మీద భారం వేసి కూర్చోవటానికి ఇక్కడ వీలు లేదు. దేవుడి మాట మీద భారం వేసినవాణ్ణి నవ్వే మనం, నాయకుడి మాట మీద భారం వేస్తే తేడా ఏముంది?

నమ్మననేవాడి గోడ

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మజ్ఝిమ నికాయంలో దీఘనఖుడు అనే పరివ్రాజకుడు రాజగృహంలో బుద్ధుడి దగ్గరకు వచ్చి, నేను ఏ అభిప్రాయాన్నీ ఒప్పుకోను అన్నాడు. సరే, మరి ఈ నీ అభిప్రాయాన్ని ఒప్పుకుంటావా అని బుద్ధుడు అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో విషయం తేలిపోయింది. అన్నీ ఒప్పుకునేవాడు, ఏదీ ఒప్పుకోనివాడు, కొన్ని ఒప్పుకుని కొన్ని కాదనేవాడు, ఈ ముగ్గురిలో ఎవరైనా "ఇదే నిజం, మిగతాదంతా అబద్ధం" అని పట్టుబడితే అక్కడ తగువే పుడుతుంది. కాబట్టి నమ్మకపోవటం కూడా ఒక దృష్టే. దానికీ మనిషి అతుక్కుపోవచ్చు.

ఈ కాలపు పరిశోధన కూడా దీనికి దగ్గరి మాటే చెప్పింది. 2017లో బెల్జియంకు చెందిన ఫిలిప్ ఉజారెవిచ్, ఆయన సహచరులు బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో 788 మందిని పరీక్షించారు. మీరు మొండిగా పట్టుబడతారా అని నేరుగా అడిగితే, నమ్మనివాళ్ళు నమ్మేవాళ్ళ కంటే తక్కువ అని చెప్పుకున్నారు. కానీ ఒకదానికొకటి ఎదురుగా ఉండే మాటలు ముందు పెట్టినప్పుడు, వాటిని సహించటంలో నమ్మనివాళ్ళే వెనకబడ్డారు. అది మన కోల్‌బెల్టులో జరిపిన పరీక్ష కాదు, అన్ని దేశాలకూ ఒకేలా వర్తిస్తుందని ఎవరూ అనలేదు. మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. నా మనసు తెరిచే ఉంది అని మనం చెప్పుకోవటం వేరు, తెరిచి ఉండటం వేరు.

అంటే నమ్మనివాళ్ళంతా మొండివాళ్ళా? కాదు. మన తెలుగు నేల మీదనే గోరా ఉన్నారు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, నాస్తికుడినని బాహాటంగా చెప్పినందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అంటరానితనం పోవాలని సహపంక్తి భోజనాలు చేయించారు. ఆయన గాంధీ దగ్గరకు వెళ్ళి దేవుడు లేడని వాదించారు. గాంధీ ఆ వాదన విన్నారు. గోరా తన పెద్ద కూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి 1948లో సేవాగ్రామ్‌లో పెళ్ళి చేశారు. దాన్ని తానే జరిపిస్తానన్న గాంధీ అప్పటికే హత్యకు గురయ్యారు.

గాంధీతో మన పేచీ వేరే ఉంది. 1932 పూనా ఒప్పందాన్ని మనం మరచిపోం, మరచిపోవద్దు. అయినా ఒక దేవుణ్ణి నమ్మినవాడు, ఒక నమ్మనివాడు ఎదురెదురుగా కూర్చుని విన్నారన్నది వాస్తవం. నచ్చని మనిషి గురించిన వాస్తవాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పగలగటం మనకు మొదటి పరీక్ష.

బాబాసాహెబ్ పెట్టుకున్న గడువు

1935 అక్టోబర్ 13న యేవలాలో బాబాసాహెబ్, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అని ప్రకటించారు. నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్ళు. వదిలేది ఏమిటో మొదటి రోజే తేల్చుకున్నారు. పట్టుకునేది ఏమిటో తేల్చుకోవటానికి అన్నేళ్ళు తీసుకున్నారు. సిక్కు మతం, ఇస్లాం, క్రైస్తవం అన్నిటినీ చూశారు, చర్చించారు.

బుద్ధుణ్ణి ఎంచుకున్నాక కూడా ప్రశ్నలు ఆపలేదు. 1957లో అచ్చయిన "బుద్ధుడు - ఆయన ధమ్మం" గ్రంథం పరిచయంలోనే నాలుగు కష్టమైన ప్రశ్నలు వేశారు. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడనే కథ నమ్మదగిందేనా? 29 ఏళ్ళ మనిషి అప్పటిదాకా అవి చూడకుండా ఎట్లా ఉంటాడు? ఆ కథ స్థానంలో శాక్యులకు, కోలియులకు మధ్య రోహిణి నది నీళ్ళ తగాదాను ముందుకు తెచ్చారు. ఆర్య సత్యాల మీద, కర్మ - పునర్జన్మల మీద, భిక్ఖు సంఘం లక్ష్యం మీద కూడా ఆయన ప్రశ్నలు ఉన్నాయి.

తాను శరణు పొందబోయే ధమ్మాన్నే ఇట్లా గీటురాయి మీద పెట్టిన మనిషి బిడ్డలం మనం. మరి బాబాసాహెబ్ మాట మీద ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే మనం ఏం చేస్తున్నం? "నువ్వు ఎవని మనిషివి?" అని ఎదురు అడుగుతున్నం.

మా ఇంట్ల జరిగింది

ఇప్పుడు నా తప్పు చెప్తా. నేను బీఏ చదువుకున్న, పుస్తకాలు చదివిన, దీక్ష తీసుకున్న. ఆ కొత్తలో మేడారం జాతర వచ్చింది. మా అవ్వ బెల్లం కొని మూట కట్టింది. పదిమంది ముందట నేను, "బెల్లం ముద్ద పెడితే సమ్మక్క కాపాడుతదా? ఇంకెన్నడు తెలివి తెచ్చుకుంటవ్?" అన్న. అవ్వ అప్పుడు ఏమనలేదు. రాత్రి ఒక్కమాట అన్నది: "మీ బాపు ఒక్కొక్క షిఫ్టుకు బాయిలకు దిగుతుంటే నా పానం ఎక్కడ పెట్టుకోవాలెరా? గప్పుడు మీ బుద్ధుణ్ణి నాకెవ్వడు చెప్పిండు? ఇప్పుడు నువ్వు చెప్తున్నవ్, నేను చెప్పేది ఒక్కనాడన్న విన్నవా?"

నా దగ్గర జవాబు లేదు. అయినా తప్పు ఒప్పుకోలేదు. ఆ తర్వాత అవ్వ ఎన్నడూ వందనకు రాలేదు.

కొన్నేళ్ళకు మా అక్క బిడ్డ ఒక పిలగాణ్ణి చేసుకుంటనన్నది. మంచి పిల్లగాడు, ఓపెన్‌కాస్టుల ఉద్యోగం. అతను కూడా దళితుడే, కానీ మా ఉపకులం కాదు. మాల, మాదిగ అనే గీతకు మేము ఒక దిక్కు, వాళ్ళు ఇంకో దిక్కు. ఇంట్ల అందరం కూర్చున్నం. 22 ప్రతిజ్ఞలు చదివిన నోటితోనే నేను అన్న: "పిల్లగాడు మంచోడే గని, మనోళ్ళు కాదు కదా."

అవ్వ చప్పున అందుకున్నది: "పొల్లకు నచ్చిండు. పిలగాడు కష్టపడెటోడు. ఇంక మనోళ్ళెవరు, మందోళ్ళెవరురా?"

దేవతలను మొక్కే అవ్వ మనసు తెరిచి ఉంది. ఎవరినీ మొక్కని నా మనసుకు తాళం పడి ఉంది. మనుషులందరూ సమానులని నమ్ముతానని చెప్పే తొమ్మిదో ప్రతిజ్ఞను ఆమె ఎన్నడూ చదవలేదు. నేను చదివి కూడా ఆచరణలో తప్పిన. పెళ్ళి జరిగింది. ఆ రోజు నుంచే నేను అవ్వ మాట వినుడు నేర్చుకున్న.

అయితే అన్నిటికీ తలూపాలా?

ఒక అనుమానం వస్తుంది. మనసు తెరిచి ఉండటం అంటే బాబాలకు, తాయెత్తులకు, చేతబడి మాటలకు కూడా "కావచ్చు" అనాలా? కులం మీద కూడా ఇంకోసారి ఆలోచించాలా? అక్కరలేదు. కాలాములు అనే ప్రజలు ఇదే చిక్కుతో కేసపుత్త పట్టణంలో బుద్ధుణ్ణి అడిగారు: వచ్చిన ప్రతి గురువు తనదే నిజమంటున్నాడు, ఎవరిని నమ్మాలి? సంప్రదాయమనో, గ్రంథంలో ఉందనో, నలుగురూ అంటున్నారనో ఒప్పుకోవద్దని బుద్ధుడు చెప్పిన సంగతి మనకు బాగా గుర్తుంటుంది. అదే వరుసలో ఇంకో రెండు ఉన్నాయి, అవి మనం మరచిపోతాం. "నా ఆలోచనకు సరిపోయింది కాబట్టి" ఒప్పుకోవద్దు. "ఈయన మా గురువు కాబట్టి" ఒప్పుకోవద్దు. మొదటివి ఎదుటివాళ్ళకు తగులుతాయి. చివరి రెండు మనకే తగులుతాయి.

మరి గీటురాయి ఏది? అది లోభాన్ని, ద్వేషాన్ని, మోహాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా? ఆచరిస్తే మనుషులకు కీడా, మేలా? అంటరానితనం ఈ పరీక్షలో ఎప్పుడో ఓడిపోయింది. కాబట్టి దాన్ని కాదనటం మొండితనం కాదు, పరీక్షించి తేల్చిన తీర్పు. తాయెత్తు పేరుతో పేదవాడి జీతం గుంజేవాణ్ణి కాదనటమూ అంతే. ఆ సుత్తంలోనే బుద్ధుడు ఇంకో మాట కూడా చెప్పాడు. పరలోకం ఉన్నా సరే, లేకపోయినా సరే, ద్వేషం లేని మనసుతో బతికినవాడికి నష్టం లేదు. నమ్మేవాణ్ణీ, నమ్మనివాణ్ణీ ఒకే పీట మీద కూర్చోబెట్టిన మాట అది.

భావాన్ని కాదంటాం, మనిషిని కాదనం. నాలందాలో ఉపాలి అనే గృహస్థుడు జైనుల అనుచరుడిగా బుద్ధుణ్ణి వాదంలో ఓడించాలని వచ్చాడు. తానే ఒప్పుకుని శిష్యుడిగా చేర్చుకోమన్నాడు. బుద్ధుడు తొందరపడలేదు. బాగా ఆలోచించుకో అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: ఇన్నాళ్ళు మీ ఇల్లు నిగంఠులకు నీళ్ళబావి లాంటిది, వాళ్ళు వస్తే అన్నం పెట్టటం మానొద్దు. మన ఇంట్ల ప్రార్థనకు పోయే వదిన ఉంటది, బోనమెత్తే అవ్వ ఉంటది, దర్గాకు పోయే దోస్తు ఉంటడు, ఎర్రజెండా తప్ప ఏదీ ఒప్పుకోని బాబాయి ఉంటడు. దీక్ష తీసుకున్నప్పుడు ఇతర దేవుళ్ళను పూజించనని ప్రమాణం చేసినం. వాళ్ళ మాట విననని ప్రమాణం చేయలేదు.

రూఫ్ తట్టి చూసుడు

మా బాపు కోల్ ఫిల్లర్. బాయి మీద మైసమ్మకు మొక్కకుండా ఏనాడూ దిగలేదు. కానీ దిగినంక, సర్దార్ రూఫ్ చూసి పోయినా సరే, తాను ఇంకోసారి కర్రతో తట్టేటోడు. గట్టి చప్పుడు వస్తేనే కింద నిలబడేటోడు. బోలు చప్పుడు వస్తే పక్కకు జరిగి కేక వేసేటోడు. "మైసమ్మకు మొక్కిన కదా" అని తట్టుడు మానలేదు. "పోయిన షిఫ్టోళ్ళు బాగనే ఉందన్నరు" అని కూడా మానలేదు. నిన్న గట్టిగా ఉన్న రూఫ్ ఇవ్వాళ వదులు కావచ్చని బాయిల పనిచేసిన ప్రతి మనిషికీ తెలుసు.

మన నమ్మకాలూ, మన అపనమ్మకాలూ రెండూ రూఫ్ లాంటివే. వాటి కిందనే మన పిల్లలు నిలబడుతున్నరు. ఎదుటివాళ్ళ రూఫ్ బోలుగా ఉందని నవ్వుడు తేలిక. మన రూఫ్‌ను తట్టేది మనమే.

ఈ నెల ఆచరణ

ఒకటి: మీతో నమ్మకం కలవని ఇంటి మనిషి ఒకరితో అరగంట కూర్చోండి. జవాబు చెప్పకుండా వినండి. లేచేముందు వాళ్ళ మాటను మీరే తిరిగి చెప్పి, "ఇదేనా నువ్వన్నది?" అని అడగండి.

రెండు: గడిచిన అయిదేళ్ళల్ల మీరు మార్చుకున్న ఒక అభిప్రాయం రాయండి. ఒక్కటి కూడా దొరకకపోతే, అది కూడా ఆలోచించాల్సిన విషయమే.

మూడు: వందన హాల్లో ఎవరి మొక్కునూ, ఎవరి ప్రార్థననూ ఎగతాళి చేయొద్దు. దోపిడీని ప్రశ్నిద్దాం, భయపడ్డ మనిషిని కాదు.

చర్చకు ప్రశ్నలు

1. బావరి భయాన్ని బుద్ధుడు ఎట్లా తీసుకున్నాడు? మన బస్తీల్లో శాపం, దిష్టి, చేతబడి భయం ఉన్నవాళ్ళతో మనం ఎట్లా మాట్లాడుతున్నాం?

2. "నా ఆలోచనకు సరిపోయింది కాబట్టి ఒప్పుకోవద్దు" అనే మాట మనలో ఎవరికి, ఎక్కడ వర్తిస్తుంది?

3. ఉపకులాల మధ్య పెళ్ళి మాట వచ్చినప్పుడు మన ఇండ్లల్ల ఎవరు ముందు ఒప్పుకున్నరు, ఎవరు అడ్డం నిలబడ్డరు? దానికీ వాళ్ళ నమ్మకాలకూ సంబంధం కనబడిందా?

పోయిన వారం నేను ఆ ఇద్దరు అక్కల ఇండ్లకు పోయిన. ఆ రోజు నవ్వినందుకు తప్పయిందని చెప్పిన. ఒక అక్క చాయ్ పెట్టింది, "చూద్దాం తమ్మీ" అన్నది. ఇంకో అక్క అడిగింది: "మీ బుద్ధుడు మాలాంటోళ్ళతోటి మాట్లాడిండా?" బావరి కథ చెప్పిన, చివరిదాకా విన్నది. వచ్చే ఆదివారం వస్తరో రారో తెలియదు. వస్తే ముందు వరుసలో చోటు ఉంచుదాం.

జై భీమ్. నమో బుద్ధాయ.